పదమూడు గుర్రాలకు కంపెనీ ముద్ర

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒక కారుకు పదమూడు గుర్రాలు పుట్టాయి. తల్లీ పిల్లలూ క్షేమం. కారు ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, యజమాని జనగామ జిల్లా బిడ్డ, పురుడు పోసింది కంపెనీ డీలరు. కబురు వాట్సాప్‌లో జనగామ చేరి, అక్కడి నుంచి మానుకోటలో మేనత్తకూ భూపాలపల్లిలో బావకూ పాకింది. మేనత్త అంతా విని, "ఏం, ఇంతకుముందు గడ్డ ఎక్కకపోతుండెనా?" అని అడిగింది. మూడు జిల్లాల చుట్టాల్లో ఎవరి దగ్గరా దీనికి జవాబు దొరకలేదు. ఫ్రిస్కోలో ఎక్కడానికి గడ్డే లేదు.

ఇలాంటి పిల్లలు నలుగురైదుగురిని కలిపి ఒక్కడిని చేసి చెబుతున్నాను. ఎవరూ భుజాలు తడుముకోవద్దు.

జరిగిన వైద్యం ఇది. 2015 నుంచి 2017 దాకా వచ్చిన మస్టాంగ్ జీటీలో 5 లీటర్ల వీ8 ఇంజిను ఉంటుంది. దాని బలం 435 హార్స్‌పవర్. ఆ బలంతో కడుపు నిండనివాళ్ళ కోసం ఫోర్డ్ వారి సొంత విభాగం ఫోర్డ్ పర్ఫార్మెన్స్, ‘పవర్ ప్యాక్’ పేరుతో మూడు రకాల పెట్టెలు అమ్మింది. మొదటి పెట్టెలో ఒక ఎయిర్ ఫిల్టరు, ప్రోకాల్ అనే చిన్న డబ్బా, ఒక కోడు ఉంటాయి. స్టీరింగు కింద మోకాలి దగ్గరుండే ఓబీడీ పోర్టులో ఆ డబ్బా వైరు గుచ్చి, ఇంజిను కంప్యూటర్లోని పాత లెక్కలు తీసి కొత్తవి ఎక్కిస్తారు. ఎక్కుతున్నంతసేపూ బ్యాటరీ దిగిపోకుండా చార్జరు తగిలించి ఉంచాలి. ఇగ్నిషన్ ముట్టుకోకూడదు. వైరు కదపకూడదు. సత్యనారాయణ వ్రతానికి కూడా మన ఇళ్ళలో ఇంత మడి కట్టరు. తంతు ముగిసేసరికి 13 హార్స్‌పవర్ పెరుగుతుంది. రెండో పెట్టె కొంటే 21. మూడోది కొంటే 37, అందులో గాలి పీల్చే మానిఫోల్డూ థ్రాటిల్ బాడీ కూడా మారతాయి. మావాడు మొదటి పెట్టె కొన్నాడు. బాలారిష్టాలు దాటాక తక్కినవి చూద్దామన్నాడు.

ఇప్పుడతని దగ్గర 448 గుర్రాలున్నాయి. అమెరికాలో అది ఎంత పెద్ద అంకో నాకు తెలియదు. జనగామలో గుర్రాన్ని కొలిచేది బాయి దగ్గర. రైతు బోరుకు దింపే మోటారు సాధారణంగా 5 హెచ్‌పీ. ఆ లెక్కన ఫ్రిస్కోలో పెరిగింది రెండున్నర బోరు మోటార్లు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఈ రాష్ట్రం గుర్రాల మీదే కొట్లాడింది. సాగుకు కరెంటు మూడు గంటలు చాలునా, ఇరవై నాలుగు గంటలూ కావాలా, బోరుకు 5 హెచ్‌పీ ఉంచాలా, 10 హెచ్‌పీ పెట్టాలా అని ఊరూరా మైకులు పగిలిపోయాయి. ఆ గుర్రాలకు కనీసం మడి తడిపే పని ఉంది. మావాడి పదమూడు గుర్రాలు ఎర్రలైటు దగ్గర బయల్దేరి తర్వాతి ఎర్రలైటు దాకా పోతాయి. పక్కన టయోటా వాడు నింపాదిగా వచ్చి నిలబడేదాకా అక్కడే ఉంటాయి.

ట్యూనింగ్ అంతా బూటకమని మాత్రం నేననను. కంపెనీ ఇంజినుకు లెక్కలు రాసేటప్పుడు ఎవడు నడుపుతాడో తెలియదు. ఎడారిలో నడుపుతాడో మంచులో నడుపుతాడో, ఎంత చౌక పెట్రోలు పోస్తాడో తెలియదు. కాబట్టి స్పార్కు ఎప్పుడు పడాలన్నది జాగ్రత్తగా, కొంచెం వెనక్కి రాస్తుంది. స్పార్కు ముందుగా పడితే బలం వస్తుంది. మరీ ముందుగా పడితే ఇంజిను లోపల కొట్టుకుంటుంది, అదే నాకింగ్. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. అందుకే పవర్ ప్యాక్ పెట్టినవాడు టెక్సాస్ బంకుల్లో దొరికే 93 ఆక్టేన్ ఖరీదు పెట్రోలే పోయాలి. వాళ్ళ 93, మన కొలతలో దాదాపు 98. ఇథనాల్ ఇంతగా కలపకముందు మన మామూలు 91, వాళ్ళ మామూలు 87తో సమానం. కొలమానాలు వేరు, మంట ఒక్కటే. దానికి తోడు పెడలు కొంచెం నొక్కగానే థ్రాటిల్ ఎక్కువ తెరుచుకునేట్టు రాస్తారు. కుర్రాడి కుడికాలు మురిసిపోయేది చాలావరకు దీనికే. గరిష్ఠ బలం పెరిగింది నూటికి మూడు పాళ్ళు, మురిపెం మూడు వందల పాళ్ళు.

అంటే ఈ పదమూడు గుర్రాలు కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు. కారు కొన్ననాడే కొట్టంలో కట్టేసి ఉన్నాయి. కొట్టానికి తాళం వేసింది కంపెనీ. తాళంచెవి విడిగా అమ్ముకుంటున్నదీ కంపెనీయే. ఇదే పని బయట ట్యూనింగు షాపువాడూ చేయగలడు, బేరమాడితే ఇంకో పది గుర్రాలు కొసరు కూడా వేస్తాడు. అయినా మావాడు కంపెనీ దగ్గరకే పోయాడు. ఎందుకంటే అతను కొన్న అసలు సరుకు ముద్ర. డీలరో, అక్కడి ఏఎస్‌ఈ సర్టిఫికెట్ ఉన్న మెకానికో బిగిస్తే వారంటీ నిలబడుతుంది. పొగ చట్టాల్లో అందరికంటే చండశాసనమైన కాలిఫోర్నియాతో సహా యాభై రాష్ట్రాల్లో చెల్లుతుందని నంబరుతో సహా చిన్న స్టిక్కరు వస్తుంది. రేపు ఇంజిను పేలితే "ఎవరు కెలికారు?" అని అడగాల్సినవాడే కెలికాడు కాబట్టి ఆ ప్రశ్న పుట్టదు. ప్రాయశ్చిత్తం ముందుగా చేయించుకుని తర్వాత తీరిగ్గా పాపం చేసే ఈ సౌకర్యం మన పురాణాల్లో కూడా లేదు.

ఇప్పుడు మానుకోటకు రండి. అక్కడ మేనత్త కొడుక్కూ అదే దురద ఉంది. వాడి చేతిలో ఉన్నది బుల్లెట్, క్లాసిక్ 350, దానికున్నవే ఇరవై గుర్రాలు. ఫ్రిస్కోలో బావకు అదనంగా పుట్టిన గుర్రాలు వీడి బండి మొత్తంలో సగానికి పైమాటే. పవర్ ప్యాక్ వీడికి దొరకదు, దొరికినా కొనలేడు. షెడ్డుకు పోయి కంపెనీ సైలెన్సర్ పీకించి ఇండోరి సైలెన్సర్ వేయించాడు. దాంతో పెరిగిన హార్స్‌పవర్ సున్నా. ఒక్కోసారి ఉన్నదాంట్లోంచి కొంత పోతుంది కూడా. పెరిగింది చప్పుడు. ఆ చప్పుడుకు బస్టాండు ముందు నిలబడ్డ ఇద్దరు తిరిగి చూశారు. వాడికి కావలసింది ఆ ఇద్దరే.

చట్టం కూడా తిరిగి చూసింది. 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. దవాఖాన దగ్గరైతే 50, 40. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 182ఏ సెక్షన్ ఉంది. చట్టం ఒప్పుకోని విధంగా యజమాని తన బండిని మారిస్తే ఒక్కో మార్పుకూ ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడు, పొగ హద్దు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే పది వేల దాకా. అదే ఏడాది జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో తేల్చి చెప్పింది: తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. వీటన్నిటికంటే ముందు రోడ్డు రోలరు ఉంది. పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి, పోలీసువారు పక్కన నిలబడి ఫొటో దిగి, రోలరుతో తొక్కించే దృశ్యం మన పేపర్ల జిల్లా పేజీలకు పండుగ ముగ్గులంత మామూలు.

వాడి సైలెన్సర్ చితికినందుకు నాకు వీసమెత్తు విచారం లేదు. అర్ధరాత్రి ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రోలరు డ్రైవరు ఎదురైతే చాయ్ తాగిస్తాను. నా ఫిర్యాదు రోలరు దొర్లే దిక్కు మీద. అది ఎప్పుడూ షెడ్డు వైపే దొర్లుతుంది, షోరూము వైపు దొర్లదు.

చప్పుడు మాట వచ్చింది కాబట్టి అమెరికాలో డాడ్జ్ కంపెనీ చేసిన ఘనకార్యం చెప్పాలి. 2024లో వాళ్ళు చార్జర్ డేటోనా అనే కరెంటు మజిల్ కారు తెచ్చారు. దాంట్లో పెట్రోలు లేదు, పిస్టన్ లేదు, పొగ లేదు. పొగ లేనప్పుడు పొగగొట్టంతో పనే లేదు. దాంతో కంపెనీకి దిగులు పట్టుకుంది. ‘ఫ్రాట్జానిక్ చాంబర్డ్ ఎగ్జాస్ట్’ అని ఒక ఏర్పాటు చేసి, స్పీకర్లతో లేని ఇంజినుకు మోత పుట్టించింది. దీని నమూనాను 2022లో చూపించినప్పుడు చెప్పుకున్న గొప్ప 126 డెసిబెల్స్. పైగా పేటెంటుకు దరఖాస్తు. మానుకోటవాడు ఉన్న ఇంజిను చప్పుడు దాచలేదని రోలరు, వాళ్ళు లేని ఇంజినుకు చప్పుడు పుట్టించారని పేటెంటు. జనగామ బరాత్‌లలో డీజే కొట్టేవాళ్ళు ఈ సంగతి వింటే రేపటి నుంచి తమ బాక్సులను ఎగ్జాస్ట్ సిస్టం అని రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. చేయించుకోవాలి కూడా.

భూపాలపల్లి బావకు కార్ల మీద మోజు లేదు. ఆయనది లారీ. కాళేశ్వరం దిక్కున గోదావరి ఇసుక ఉంది, కాకతీయ ఖనుల్లో సింగరేణి బొగ్గు ఉంది, చెల్పూరులో ఆ బొగ్గు తిని 1,100 మెగావాట్లు కక్కే కేంద్రం ఉంది. వీటి మధ్య లారీవాళ్ళకు తెలిసిన ట్యూనింగ్ ఒక్కటే, కమాన్‌ కట్టకు అదనంగా పట్టీలు వేయించడం. పట్టీ పెరిగితే బాడీ కుంగదు, బాడీ కుంగకపోతే చూసేవాడికి అనుమానం రాదు, అనుమానం వచ్చినవాడికి ఏం చేయాలో లారీ డ్రైవరుకు తెలుసు. ఓవర్‌లోడ్ మహాపాపమని, రోడ్లను తినేస్తుందని, బ్రేకులు పట్టవని ఇంజినీర్లు ఏళ్ళ తరబడి చెప్పారు. నిజమే చెప్పారు. 2018 జూలైలో ఢిల్లీ నుంచి గజెట్ వచ్చింది. ఇరుసు మీద వేయదగ్గ బరువు పెంచారు. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు ఎక్కింది. రోడ్డు అదే, కల్వర్టు అదే, మూలమలుపు అదే. నిన్నటిదాకా పాపం అనిపించుకున్న మూడున్నర టన్నులు ఒక సంతకంతో పుణ్యంలో కలిశాయి. బావ దీన్ని ‘సర్కారు కమాన్‌పట్టీ’ అంటాడు.

మానుకోట, తొర్రూరు పొలాల్లో ఇంకో ట్యూనింగ్ ఉంది, ఫోర్డ్ కంటే పాతది. ట్రాక్టరు డీజిల్ పంపుకు కంపెనీ సీలు వేసి పంపుతుంది, ఇంతకుమించి డీజిల్ పోవద్దని. దమ్ము చేసే రోజుల్లో కేజ్‌వీల్స్ బురదలో దిగబడితే రైతుకు ఆ సీలు మీద కోపం వస్తుంది. షెడ్డువాడు సీలు తెంచి, స్క్రూ కొంచెం తిప్పి ఇస్తాడు. బండి లాగుతుంది, నల్లటి పొగ వదులుతుంది, డీజిల్ తాగుతుంది, వారంటీ గంగలో కలుస్తుంది. అదే రైతు కేజ్‌వీల్స్ విప్పకుండా తారురోడ్డెక్కి రోడ్డును చెక్కేస్తాడు, అది వేరే కచేరీ. చెప్పొచ్చేదేమంటే, ఫ్రిస్కోలో ఓబీడీ పోర్టులో జరిగిందీ తొర్రూరులో పంపు దగ్గర జరిగిందీ ఒకే పని. కంపెనీ దాచిన బలం బయటికి తీయడం. ఒకటి చేసినవాడిని సర్టిఫైడ్ టెక్నీషియన్ అంటారు. రెండోది చేసినవాణ్ణి "ఎవడ్రా సీలు తెంచింది?" అంటారు.

పెద్దలు నన్ను సరిదిద్దబోతారని తెలుసు. "కంపెనీ పరీక్షలు చేసి, పొగ కొలిచి, బాధ్యత తీసుకుని ఇస్తుందయ్యా. షెడ్డువాడు అంచనాగా తిప్పుతాడు. రెండూ ఒకటెట్లా?" మంచి మాట. కంపెనీ పరీక్షలు ఎట్లా చేస్తుందో మన తవేరా చెబుతుంది.

తవేరా గుర్తుందా? జనరల్ మోటార్స్ వారి షెవర్లే తవేరా. ఒకప్పుడు మేడారం జాతరకూ యాదగిరిగుట్టకూ పెండ్లి చూపులకూ మనల్ని పదిమందిని కుక్కి మోసిన బండి. 2013 జూలైలో కంపెనీ 1.14 లక్షల తవేరాలను వెనక్కి పిలిచింది. 2005 నుంచి తయారైన బండ్లు. విషయం ఏమిటంటే, పొగ పరీక్షకు పంపే బండ్లలో కంపెనీ ఉద్యోగులే మంచి ఇంజిన్లు ఏరి మరీ బిగించారు. పరీక్షకు ఒక ఇంజిను, పబ్లిక్కుకు ఒకటి. పరీక్ష నెగ్గింది, మేడారం దారిలో పొగ మనం పీల్చాం. కొందరి ఉద్యోగాలు పోయాయి. ఏ తవేరానూ రోలరు కింద పెట్టి ఫొటో దిగలేదు.

అది చిన్న కథ. పెద్ద కథ 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల కంప్యూటర్లలో రాసిన లెక్కలు తాము పరీక్ష బల్ల మీద ఉన్నామా, రోడ్డు మీద ఉన్నామా అని పసిగట్టేవి. బల్ల మీద పద్ధతిగా ఉండి, రోడ్డు మీదికి రాగానే నైట్రోజన్ ఆక్సైడ్లను హద్దుకు నలభై రెట్ల దాకా వదిలేవి. ప్రపంచమంతా కలిపి దాదాపు కోటీ పది లక్షల బండ్లు. మనుషుల చరిత్రలో ఇంతకు మించిన దొంగ ట్యూన్ లేదు. దాన్ని ఏ షెడ్డువాడూ ఎక్కించలేదు. ఫ్యాక్టరీయే ఎక్కించింది, వారంటీతో సహా. మన దేశంలో 3.23 లక్షల బండ్లను వెనక్కి పిలుస్తామని కంపెనీ చెప్పింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల జరిమానా వేసింది. మే నెలలో సుప్రీంకోర్టు, బలవంతపు చర్యలు ఇప్పుడే వద్దంది. తయారీదారు ఇచ్చిన రూపం మార్చరాదని సామాన్యుడికి ఆ కోర్టు జనవరిలో చెప్పిన ఏడాదే ఇది. తయారీదారు ఇచ్చిన రూపమే దొంగదైతే ఏం చేయాలన్నది ఏ సైలెన్సర్ కేసులోనూ రాలేదు.

2019 సవరణలో తయారీదారు తప్పు చేస్తే 100 కోట్ల దాకా జరిమానా వేయొచ్చని రాసి ఉంది. నిజం దాచను. కాగితం మీద రోలరు అటు కూడా దొర్లగలదు.

ఆ మాటకొస్తే మజిల్ కారు పుట్టుకలోనే ఈ దొంగాట ఉంది. మధ్యతరహా కార్లలో పెద్ద ఇంజిన్లు పెట్టొద్దని 1964 నాటికి జనరల్ మోటార్స్‌లో సొంత నియమం ఉండేది. పాంటియాక్ వాళ్ళు ఆ నియమం కళ్ళుగప్పడానికి పెద్ద ఇంజినును ‘ఆప్షన్’ అని రాసి జీటీవో అమ్మారు. దాని తర్వాత బలం విపరీతంగా పెరిగి బీమా కంపెనీలు బెదిరితే, కొన్ని కార్ల బలాన్ని కాగితం మీద తగ్గించి రాశారు. ఒకప్పుడు గుర్రాలు దాచి అమ్మారు, ఇప్పుడు దాచిన గుర్రాలను విడిగా అమ్ముతున్నారు. వ్యాపారం తెలివిమీరింది, అంతే.

ఇంకా మీరుతోంది. మెర్సిడెస్ 2022లో అమెరికాలో కరెంటు కార్లకు వేగం పెంచే సదుపాయానికి ఏడాదికి 1,200 డాలర్ల అద్దె పెట్టింది. బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు వేడెక్కడానికి నెలసరి చందా అడిగి, జనం తిట్టాక 2023లో మానుకుంది. ఫోక్స్‌వ్యాగన్ 2025లో బ్రిటన్‌లో ఐడీ.3 కారుకు ఇంకో ఇరవై ఏడు గుర్రాలు కావాలంటే నెలకు 16.50 పౌండ్లు కట్టమంది. మోటారు మీ వాకిట్లోనే ఉంటుంది, మీ డబ్బుతోనే కొన్నారు, అయినా దాని పూర్తి బలానికి మీరు అద్దెకున్నవాళ్ళు. అమెరికా రైతు తన జాన్ డీర్ ట్రాక్టరును తాను బాగుచేసుకోబోతే దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ డీలర్ల దగ్గరే ఉందని గొడవ ముదిరి, 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీ మీద కోర్టుకెక్కింది. మా తొర్రూరు షెడ్డువాణ్ణి అమెరికా పంపితే అక్కడి రైతులు పల్లకీ ఎక్కిస్తారు. వీసా రాదు గానీ.

ఇన్ని చెప్పి ఇంటి దేవుణ్ణి వదిలేస్తే బాగుండదు. ఈ దేశంలో అన్నిటికంటే పెద్ద ట్యూన్ మన ప్రభుత్వమే ఎక్కించింది. ముందు 2030 అనుకున్న గడువును ఐదేళ్ళు ముందుకు లాక్కొచ్చి, 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపేసింది. పాత స్కూటరు, కొత్త కారు, జనగామ డాక్టరు గారి సెడాన్, పాలకుర్తి పాలవాడి మోపెడ్, అన్నిటికీ ఒకే గొట్టం. మస్టాంగ్‌కైతే డబ్బా గుచ్చేముందు యజమాని కోడు కొట్టాలి, ఒప్పుకోవాలి. ఇక్కడ బంకు కుర్రాడు "జీరో చూడండి సార్" అన్నాడు, అంతటితో ఒప్పందం కుదిరింది. మైలేజీ తగ్గిందని జనం మొత్తుకుంటే, ఈ ఇంధనానికి తగ్గట్టు కాలిబ్రేషన్ చేసిన కార్లలో ఒకటి రెండు శాతం, తక్కినవాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గొచ్చని సర్కారే అంది. పైగా ఓదార్పు: ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరిగింది, పికప్ బాగుంటుందట. పాలకుర్తి పాలవాడు పికప్ అడగలేదు. లీటరుకు ఎన్ని ఊళ్ళు తిరగొచ్చని అడిగాడు. అతని ఇంజినులో పోసేదాన్ని అతనికి చెప్పకుండా మార్చినందుకు 182ఏ కింద ఎవరి పేరు రాయాలో ఎస్సైగారు ఇంకా చెప్పలేదు.

చెల్లెలి పెండ్లికి ఫ్రిస్కో బాబు జనగామ వచ్చాడు. కారు వెంట రాలేదు, దాని వీడియోలు వచ్చాయి. ఇదే కారు ఇక్కడ కొనుక్కోవచ్చు కదా అని ఎవరో అడిగారు. ఫోర్డ్ 2016 జూలైలో మస్టాంగ్‌ను మన దేశానికి తెచ్చింది, షోరూము ధర 65 లక్షలు. అమెరికాలో 435 ఉన్న ఆ వీ8 మన ఒడ్డుకు దిగేసరికి 400 గుర్రాల దగ్గర ఆగింది. పదమూడు పెంచుకోవడానికి వాళ్ళు డబ్బు కడితే, ముప్పైకి పైగా పోగొట్టుకోవడానికి మనం 65 లక్షలు కట్టాల్సి వచ్చేది. 2021 సెప్టెంబరులో కంపెనీ ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నట్టు చెప్పింది. ప్రోకాల్ డబ్బా పట్టుకుని డీలరు కోసం ఏ చౌరస్తాలో వెతకాలి?

పెండ్లికి అద్దెకారు నడిపాడు. కోమళ్ల టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు లేక ఆగాడు. ఊరి రోడ్డెక్కగానే ఎడమ సగం మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. కుడి సగంలో గొర్రెల మంద. దాని వెనక వరికోత మిషను. మస్టాంగ్ అడుగుభాగం నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. మా ఊరి మొదటి స్పీడు బ్రేకరు దాన్ని అక్కడే ఆపేసి, ఎక్కినవాళ్ళను దించి నడిపించేది. "ఈ రోడ్లు ఇంప్రూవ్ కావాలి మామా" అన్నాడు. వడ్లు కలబెడుతున్న ముసలమ్మ విని, "ఇంప్రూవ్ అయింది కావట్టే బిడ్డా ఆరవోసుకుంటున్నం, అంతకుముందు గుంతలల్ల వోతుండె" అంది.

అతను విమానమెక్కాక మానుకోట షెడ్డుకు పోయి మెకానిక్‌కు ఈ కథంతా చెప్పాను. ట్రాక్టరు పంపు ముందు గొంతు కూచుని వింటున్నాడు. పదమూడు గుర్రాలకు కొన్ని వందల డాలర్లంటే నవ్వలేదు, డబ్బున్నవాళ్ళ ముచ్చట అన్నాడు. లేని ఇంజినుకు చప్పుడు పెట్టారంటే తల గోక్కున్నాడు. సీలు తెంచాక డీలరే ముద్ర వేసి కాయితం ఇస్తాడనగానే మాత్రం పాన పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లేచాడు.

"సార్, సీలు తెంపినందుకు నాకొచ్చేది చాయ పైసలు. గా ముద్ర గుద్దే మిషిని ఏడ దొరుకుతదో జర మీ అల్లున్ని అడుగుండ్రి. అది గిట్ట నా షెడ్డుకొస్తే, సీళ్ళు ఫ్రీగనే తెంపిపెడ్త."